వంకర తిరిగిన పొరల వాంగ్మూలం
ప్రాచీన సరస్సుల అడుగుమట్టిలో భూకంపాల, అగ్నిపర్వతాల గుర్తులు: తిరుపతిలో చేసిన ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

తిరుమల ఘాట్ రోడ్డులో కొండ రాళ్ళ చరిత్ర చెప్పే ఫలకం ఒకటుంది. బస్సు మలుపు తిరిగేలోపు దాన్ని చదవగలిగినవారు తక్కువ. కింద ఉన్న, భూమి తొలి యుగాల్లో ఒకటైన ఆర్కియన్ కాలపు గ్రానైటుకూ, దాని మీద పరచుకున్న, ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన నగరి క్వార్ట్‌జైటుకూ మధ్య పదుల కోట్ల సంవత్సరాల కాలం ఏ రాతిలోనూ నమోదు కాకుండా జారిపోయిందని, ఆ రెండు రాళ్ళూ కలిసే గీత దగ్గర నిలబడితే ఆ లోటును చేత్తో తాకవచ్చని ఆ చోటు మనకు చెబుతుంది. అది జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. ఈ ఊళ్ళో భూగర్భశాస్త్రం గురించి మాట్లాడేవారు ఎవరైనా అక్కడి నుంచే మొదలుపెట్టడం ఆనవాయితీ కనుక నేనూ ఆ మర్యాద పాటించాను. అయితే ఈ సాయంత్రం నేను చెప్పదలచినది అందుకు పూర్తిగా విరుద్ధమైన విషయం. కోట్ల ఏళ్ళు ఎలా కనబడకుండా పోయాయన్నది కాదు, అర నిమిషంలో జరిగిపోయిన ఒక సంఘటన వేల ఏళ్ళ పాటు మెత్తని బురదలో ఎలా నిలిచి ఉంటుందన్నది నా విషయం.

ముందుగా నా తొందరపాటు ఒకటి చెప్పుకుంటాను. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో చంద్రగిరి వైపు ఒక పల్లెలో చెరువు పూడిక తీస్తున్నారని తెలిసి చూడడానికి వెళ్ళాను. తవ్విన గోడలో పొరలు చక్కగా, చాప మీద చాప పరచినట్టు కనబడుతున్నాయి. వాటి నడుమ జానెడు మందాన ఒక్క పొర మాత్రం చిందరవందరగా, మడతలు పడి, నల్లమట్టి ఇసుకలోకి పొడుచుకువచ్చి, ఇసుక ముద్దలు ముద్దలుగా మట్టిలోకి దిగి ఉంది. దాని కిందా పైనా ఏ అలజడీ లేదు. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. నేను సంబరంగా కొలతలు తీసుకుంటుంటే గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన, "ఏం నాయనా, అంత ఇదిగా చూస్తా ఉండావు?" అని అడిగాడు. ఇక్కడ ఒకప్పుడు భూకంపం వచ్చిందని ఆయనకు వివరించబోయాను. ఆయన ఓపికగా విని, "ఎండాకాలం నీళ్ళు ఈ మూలకే నిలబడతాయి. ఊళ్ళో ఎనుములన్నీ ఈడే పొర్లాడేది" అన్నాడు. ఆ మాట తరువాత మళ్ళీ గోడను చూస్తే, చెదిరిన ఆ పొర పది అడుగులు కూడా సాగకుండానే ఆగిపోయి ఉంది. గిట్టలు దిగిన గుంటలు కూడా అప్పుడే నా కంటికి ఆనాయి. నా మొదటి భూకంపం అలా ఎనుముల పాలైంది. ఈ శాస్త్రంలో ఉన్న కష్టమంతా ఆ ఒక్క మధ్యాహ్నంలో ఉంది. వంకర పొర కనబడడం సులభం, దాన్ని వంచిన చెయ్యి ఎవరిదో తేల్చడం కష్టం.

సరస్సునే ఎందుకు అడగాలన్నది మొదటి ప్రశ్న. నదికి జ్ఞాపకశక్తి తక్కువ. స్వర్ణముఖి ఈ ఏడు పరచిన ఇసుకను వచ్చే ఏటి వరదే ఎత్తుకుపోతుంది. సరస్సు అలా కాదు. లోతైన, నిలకడైన నీటి అడుగున ప్రవాహం ఉండదు కనుక, వానకాలంలో కొట్టుకువచ్చిన ముతక ఒండ్రు ఒక పొరగా, తరువాతి నెలల్లో నింపాదిగా దిగిన సన్నని మట్టి గానీ సున్నపు పదార్థం గానీ మరో పొరగా, ఏటికొక జత చొప్పున పేరుకుంటూ పోతాయి. అలాంటి చోట పొరలను లెక్కపెడితే ఏళ్ళను లెక్కపెట్టినట్టే. అంతకంటే ముఖ్యం, ఆ పొరలు అడ్డంగా, సమతలంగా ఉంటాయి. తిన్నగా గీసిన గీత మీద చెయ్యి వణికితే వెంటనే తెలిసిపోయినట్టు, సమతలమైన పొరల మీద చిన్న అదురు కూడా దాగదు. పైగా ఆ మట్టి కొత్తది, గట్టిపడనిది, సగానికి సగం నీళ్ళతో నిండి ఉన్నది. భూమి కదిలినప్పుడు రాయి పగులుతుంది, ఇలాంటి మట్టి మాత్రం కరిగినంత పని చేస్తుంది.

కరగడం అనే మాటను అలంకారంగా వాడలేదు. మన అంగళ్ళలో పడితో బియ్యం కొలిచిన కాలం ఇక్కడి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పడి నిండా బియ్యం పోసి, అంచు మీద రెండు దెబ్బలు తడితే గింజలు సర్దుకుని మట్టం కిందికి దిగుతుంది, మరో గుప్పెడు పడుతుంది. తట్టమని కొనేవాళ్ళు, వద్దని అమ్మేవాళ్ళు వాదులాడుకునేది అందుకే. ఇప్పుడు ఆ గింజలను ఇసుక రేణువులుగా, వాటి సందుల్లో గాలికి బదులు నీళ్ళున్నట్టుగా ఊహించండి. భూమి అదిరినప్పుడు రేణువులు దగ్గరగా సర్దుకోవాలని చూస్తాయి, కానీ సందుల్లోని నీటికి అంత త్వరగా బయటికి పోయే దారి లేదు. రేణువు మీద రేణువు మోపిన బరువంతా ఆ నీటి మీదికి మారుతుంది, నీటి పీడనం పెరుగుతుంది, రేణువులు ఒకదాన్నొకటి ఆనుకోవడం మానేస్తాయి. ఆ క్షణం నుంచి అది ఇసుక కాదు, చిక్కటి ద్రవం. దీన్నే ద్రవీకరణం అంటాము. మట్టికి ఉన్న బలం దాని మొత్తం బరువు వల్ల కాక, ఆ బరువులో నుంచి నీటి పీడనాన్ని తీసివేయగా మిగిలిన దాని వల్ల వస్తుందన్న సూత్రాన్ని కార్ల్ టెర్జాగీ 1920లలో స్థిరపరిచాడు. ఏటిలో చెలమ తోడేటప్పుడు కింది నుంచి ఊరే నీటికి ఇసుక కదలాడి కాలు దిగబడడం, ఊబిలో మనిషి కూరుకుపోవడం ఇదే సూత్రానికి చిన్న పెద్ద రూపాలు. 1964 జూన్ 16న జపానులోని నీగాటాలో 7.5 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు నాలుగంతస్తుల నివాస భవనాలు గోడలు పెద్దగా పగలకుండానే పక్కకు ఒరిగి పడుకున్నాయి. భవనాలలో లోపం లేదు, వాటి కింది నేల కాసేపు నేలగా ఉండడం మానేసింది.

సరస్సు అడుగున ఇదే జరిగితే ఎలాంటి ఆకారాలు మిగులుతాయి? సన్నని బురద మీద బరువైన ఇసుక పొర పరచుకుని ఉన్నప్పుడు, ఆ అమరిక మామూలు వేళల్లో నిలబడి ఉంటుంది గానీ, అదురుకు రెండూ మెత్తబడగానే బరువైనది కిందికి, తేలికైనది పైకి చోటు మార్చుకోవాలని చూస్తాయి. ఇసుక చుక్కలు చుక్కలుగా, గిన్నె అడుగుల్లాగా బురదలోకి దిగుతుంది. ఆ గిన్నెల మధ్య సందుల్లో నుంచి బురద సన్నని నాలుకలుగా పైకి లేస్తుంది. కోసిన గోడలో అవి అచ్చం మంటల్లా కనబడతాయి, వాటి శాస్త్రీయ నామం కూడా అదే అర్థమిస్తుంది. అదురు ఇంకాసేపు సాగితే ఇసుక గిన్నెలు పై పొర నుంచి తెగిపోయి, దిండ్లలా, బంతుల్లా బురదలో మునిగిపోతాయి. డచ్ శాస్త్రవేత్త కూనెన్ 1958లో తొట్టిలో బురద మీద ఇసుక పరిచి కుదిపి, ఈ బంతులను ప్రయోగశాలలోనే తయారుచేసి చూపించాడు. పొరలు తెగకుండా మెత్తబడినప్పుడు మాత్రం కుచ్చిళ్ళు పోసిన చీరలాగా మడతలు పడతాయి. మంచి కుచ్చిళ్ళలో అంచు తెగనట్టే, ఇక్కడ ఒక్కొక్క పొర అంచునూ మడత వెంబడి చివరిదాకా పట్టుకుపోవచ్చు. పొర తెగిందీ అంటే అదురు ఇంకా తీవ్రమైనదని అర్థం. పీడనానికి తాళలేని నీరు ఇసుకను మోసుకుంటూ పై పొరలను చీల్చుకుని పైకి చిమ్మితే, ఆ చీలికలో ఇసుక నిలువుగా నిండి గోడలాగా మిగిలిపోతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపం వచ్చినప్పుడు రణ్ ప్రాంతంలో నేలను చీల్చుకుని నీళ్ళూ ఇసుకా పైకి చిమ్మినది ఇలాగే.

ఈ గుర్తులకు ఒక పేరు, ఒక గౌరవం వచ్చినది 1969లో. అడాల్ఫ్ జైలాఖర్ అనే జర్మను శాస్త్రవేత్త కాలిఫోర్నియాలోని మయోసీన్ అనే, కోటి ఏళ్ళకు అటూ ఇటూ నాటి కాలపు పొరలను పరిశీలించి, భూకంపం చెదరగొట్టిన పొరలకు సైస్మైట్ అని పేరు పెట్టాడు. మనం భూకంప పొర అనుకుందాము. అయితే పేరు పెట్టినంత మాత్రాన రుజువు కాదు. రుజువుకు ఒక సందర్భం కావలసి వచ్చింది, అది రెండేళ్ళలోనే దొరికింది. 1971 ఫిబ్రవరి 9న లాస్ ఏంజెలెస్ దగ్గర సాన్ ఫెర్నాండోలో భూకంపం వచ్చి వాన్ నార్మన్ జలాశయం దిగువ ఆనకట్ట కూలిపోవడానికి సిద్ధమైంది. దిగువనున్న దాదాపు 80,000 మందిని ఖాళీ చేయించి, నీటిని తోడేశారు. నీళ్ళు పోయాక బయటపడిన అడుగుమట్టిని జాన్ సిమ్స్ అనే భూగర్భ శాస్త్రవేత్త పరిశీలించి, అందులో మూడు మట్టాల దగ్గర చెదిరిన పొరలు ఉన్నాయని, వాటిని 1930, 1952, 1971 భూకంపాలతో జత చేయవచ్చని చూపాడు. చుట్టుపక్కల పొరలు ఎప్పుడు పేరుకున్నాయో తెలుసు, భూకంపాలు ఎప్పుడు వచ్చాయో తెలుసు. రెండు లెక్కలూ కలిశాయి. నా దృష్టిలో ఈ శాస్త్రం నిజంగా పుట్టినది ఆ ఎండిన జలాశయంలోనే.

ఇక ఈ విద్యకు కాశీ లాంటి చోటు మృతసముద్రం. ఇజ్రాయెల్, జోర్డాన్ దేశాల మధ్య ఉన్న ఆ లోయలో భూఫలకాలు రెండు ఒకదాని పక్కగా ఒకటి జరుగుతూ ఉంటాయి. సుమారు 70,000 ఏళ్ళ నుంచి 15,000 ఏళ్ళ క్రితం వరకు అక్కడ ఇప్పటి మృతసముద్రం కంటే చాలా పెద్దదైన లిసాన్ అనే సరస్సు ఉండేది. ఎండాకాలంలో దాని నీటి నుంచి అరగొనైట్ అనే తెల్లని సున్నపు ఖనిజం విడిపోయి దిగేది, చలికాలపు వరదలు నల్లని మట్టిని తెచ్చి పరిచేవి. ఒక్కొక్క పొర మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. సరస్సు ఎండిపోయాక వాగులు ఆ పొరలను నిలువునా కోశాయి. మసాదా కోట పాదం దగ్గర ఆ గోడల ముందు నిలబడితే తెలుపూ నలుపూ గీతలు లెక్కకు అందకుండా సాగుతాయి. వాటి మధ్య అక్కడక్కడా గీతలన్నీ చిన్న చిన్న ముక్కలై, కలగలిసి, పిండి కలిపినట్టున్న పొరలు వస్తాయి. ష్మూలిక్ మార్కో, అమోట్స్ అగ్నోన్ అనే ఇద్దరు 1995లో ఈ పొరలు భూకంపాల వల్ల ఏర్పడినవేనని వాదించారు. వారి వాదనలో నన్ను ఒప్పించినది చెదిరిన పొరల అందం కాదు. అలాంటి పొరలు అదే చోట చిన్న చిన్న భ్రంశాలను, అంటే నేల చీలి ఒక పక్క జారిన పగుళ్ళను, ఆనుకుని ఉన్నాయి. భ్రంశానికి ఒక పక్క నేల జారి పడిన మెట్టు మీదనే, ఆ మట్టానికే చెదిరిన పొర ఉంది, దాని మీద చెక్కుచెదరని కొత్త పొరలు మళ్ళీ పేరుకున్నాయి. అంటే నేల జారినదీ మట్టి చెదిరినదీ ఒకే సమయంలో, సరస్సు అడుగునే జరిగాయి. నేరం, ఆయుధం, సమయం మూడూ ఒకే గదిలో దొరికినట్టు.

ఆ మడతల ఆకారాన్ని బట్టి మరో విషయం తేలింది. సాంద్రతలో తేడా ఉన్న రెండు పొరలు భూకంపంలో ఒకదాని మీద ఒకటి వేర్వేరు వేగాలతో జారితే, చెరువు నీటి మీద గాలి వీచి అలలు లేపినట్టు, ఆ సరిహద్దులో అలలు లేస్తాయి. అదురు స్వల్పమైతే అవి మెల్లని అలలుగా ఆగిపోతాయి. కాస్త పెరిగితే ఒక వైపుకు వాలిన మడతలవుతాయి, ఇంకా పెరిగితే చుట్టలు చుట్టుకుంటాయి, మరీ తీవ్రమైతే ముక్కలై కలిసిపోతాయి. అంటే ఆకారాన్ని చూసి అదురు ఎంతటిదో అంచనా వేసే వీలు కొంత ఉంది. మృతసముద్రం అడుగున 2010, 2011 సంవత్సరాలలో తవ్వి తీసిన మట్టి స్తంభం ఆధారంగా 2020లో వెలువడిన అధ్యయనం గత 2,20,000 ఏళ్ళ భూకంపాల చిట్టాను సిద్ధం చేసి, 7 తీవ్రతకు పైబడినవి అక్కడ సగటున 1,400 సంవత్సరాల లోపు ఒకటి చొప్పున వచ్చాయని లెక్కగట్టింది. చరిత్రకు అందిన కాలంలో కూడా సరిచూసుకోవచ్చు. మృతసముద్రం ఒడ్డున జెయెలీమ్ వాగు కోసిన గట్టులో క్రీస్తుపూర్వం 31, ఆ తరువాత 363, 1212, 1293, 1834, 1927 సంవత్సరాల భూకంపాలకు సరిపోయే చెదిరిన పొరలు దొరికాయి. రాతపత్రాల్లో ఉన్న ప్రతి భూకంపమూ మట్టిలో ఉండాలన్న నియమం మాత్రం లేదు. సరస్సు వెనక్కి తగ్గి ఆ చోటు ఎండి ఉంటే, రాసుకోవడానికి అప్పుడు తడి మట్టే ఉండదు.

ఇప్పుడు అగ్నిపర్వతాల సంగతి. భూకంపం సరస్సును ఒకే విధంగా కుదుపుతుంది. అగ్నిపర్వతం దగ్గర మాత్రం ఆయుధాలు చాలా ఉన్నాయి. అది కూడా నేలను అదిరిస్తుంది. పైనుంచి బూడిద కుమ్మరించి, గంటల్లోనే అడుగుల మందాన బరువు మోపుతుంది. పేలుడుకు ఎగిరిన రాళ్ళు నీటిలో పడి పొరలను గుంట పడేలా నొక్కుతాయి. ఆ గుంట కింద పొరలు వంగి, రాయి పక్కన పైకి లేచి ఉంటే రాయి ఏ దిక్కు నుంచి వచ్చిందో కూడా చెప్పవచ్చు. కింది నుంచి శిలాద్రవం ఉబికితే సరస్సు అడుగే పైకి లేస్తుంది. కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో పావోహా అనే దీవి ఉంది. అది చాలా మట్టుకు సరస్సు అడుగుమట్టే, సుమారు 300 ఏళ్ళ క్రితం శిలాద్రవం కింది నుంచి ఎత్తితే బయటపడినది. ఒకప్పుడు సమతలంగా పరచుకున్న ఆ పొరలు ఇప్పుడు వాలి, జారి, మడతలుపడి ఉన్నాయి. అక్కడ చెదిరిన పొరను చూసి భూకంపం తీవ్రత లెక్కగట్టబోతే పొరపడతాము.

లావా నేరుగా తడి మట్టిని తాకినప్పుడు జరిగేది ఇంకా విచిత్రం. మట్టిలోని నీరు ఒక్కసారిగా ఆవిరవుతుంది, లావా చిట్లుతుంది, లావా ముక్కలూ మట్టీ కలగలిసి గట్టిపడతాయి. ఫ్రాన్సులోని ఓవెర్న్ ప్రాంతపు పాత సరస్సు సున్నపురాళ్ళలో ఇలా ఏర్పడిన రాయి లేత రంగు నేపథ్యంలో నల్లని చుక్కలతో మిరియాలు చల్లినట్టుగా ఉంటుంది. అందుకే ఇలాంటి రాయికి మిరియం అనే అర్థమున్న మాట నుంచి పెపరైట్ అని పేరు వచ్చింది. మనకు ఇది మరీ దూరపు ముచ్చట కాదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం దక్కను లావాలు ఒకదాని మీద ఒకటి పారిన కాలంలో, ఒక ప్రవాహానికీ మరో ప్రవాహానికీ మధ్య విరామం దొరికినప్పుడల్లా లావా మైదానం మీద కుంటలూ సరస్సులూ ఏర్పడ్డాయి. వాటి అడుగుమట్టి మీదికి తరువాతి లావా వచ్చి కప్పేసింది. వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో అలాంటి మంచినీటి పొరల నుంచే ఎలుకంత చిన్న క్షీరదాల దంతాలు దొరికాయి, 1988లో ఆ వార్త లోకానికి తెలిసింది. శిలాజాల కోసం వెళ్ళేవారు పై లావా ఆ మట్టిని ఎలా నొక్కిందో, ఎక్కడ కాల్చిందో చూడడానికి కూడా ఓ పూట కేటాయిస్తే బాగుంటుందని నా కోరిక.

అగ్నిపర్వతం చెదరగొట్టడమే కాదు, చదవడానికి సాయం కూడా చేస్తుంది. బూడిద పొర తేదీ ముద్ర లాంటిది. నంద్యాల జిల్లాలో బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే ఊరుంది, పేరు కలిసివచ్చింది గానీ అక్కడ అగ్నిపర్వతమేమీ లేదు. అక్కడి జుర్రేరు లోయలో తెల్లని బూడిద రెండు మీటర్లకు పైగా మందాన ఉంది. అది ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో ఉన్న తోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ళ క్రితం పేలినప్పుడు 2,600 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చి రాలినది. ఆకాశం నుంచి నేరుగా రాలిన పొర కొన్ని సెంటీమీటర్లే. మిగిలినది చుట్టుపక్కల వాలుల నుంచి వానలకు కొట్టుకువచ్చి ఆ పల్లపు తడినేలలో చేరింది. ఆ బూడిదను తవ్వి గిన్నెలు తోమే పొడుల తయారీకి కూడా వాడారు. మానవజాతి చూసిన అతి పెద్ద పేలుళ్ళలో ఒకదాని అవశేషంతో మనం అంట్లు తోముకున్నామన్నమాట. ఆ బూడిద మట్టానికి కింద మనుషుల రాతి పనిముట్లు, పైనా పనిముట్లు దొరకడంతో 2007 నుంచి ఆ లోయ ప్రపంచం దృష్టిలో పడింది.

బూడిద మరో విధంగా కూడా సాక్షి అవుతుంది. న్యూజిలాండ్‌లో హామిల్టన్ నగరం చుట్టూ సుమారు 20,000 ఏళ్ళ నాటి చిన్న సరస్సులు చాలా ఉన్నాయి. వాటి అడుగున ఆకులూ నాచూ కుళ్ళిన జిగట మట్టి, దాని మధ్య మధ్య సన్నని బూడిద పొరలు. ఆ మట్టి స్తంభాలను ఆసుపత్రుల్లో మనిషిని పరీక్షించే సీటీ స్కాన్ లాంటి యంత్రంలో పెట్టి చూస్తే, జిగట మట్టి కుదురుగానే ఉండగా కొన్ని బూడిద పొరలు మాత్రం ద్రవమై కిందికి వేళ్ళు చాచినట్టు దిగి ఉన్నాయి. జిగట లేని బూడిద రేణువులు ఇసుకలాగే త్వరగా ద్రవీకరిస్తాయి. అగ్నిపర్వతం పరిచిన కాగితం మీద ఎప్పుడో తరువాత భూకంపం రాసింది. తుర్కియేలోని వాన్ సరస్సులో అయితే ఇద్దరూ పక్కపక్కనే కాపురముంటారు. నెమ్రుత్, సుఫాన్ అగ్నిపర్వతాలు ఒడ్డునే ఉన్నాయి, 2011 అక్టోబరు 23న 7.1 తీవ్రతతో భూకంపం వచ్చినదీ అక్కడే. 2010లో ఆ సరస్సు అడుగున తవ్వి సుమారు 6,00,000 ఏళ్ళ మట్టిని పైకి తెచ్చారు. అందులో బూడిద పొరలూ ఉన్నాయి, చెదిరిన పొరలూ ఉన్నాయి. బూడిద పడగానే చెదిరిన పొర ఒక రకం, బూడిదతో సంబంధం లేకుండా చెదిరినది మరొక రకం. పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఓపికగా చూస్తేనే ఆ తేడా పట్టుబడుతుంది.

కాబట్టి మళ్ళీ నా ఎనుముల దగ్గరికి వస్తాను. చెదిరిన పొర కనబడితే అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అది ఎంత దూరం సాగింది? పది అడుగులా, పది కిలోమీటర్లా? ఎనుములు ఒక మూలలోనే పొర్లుతాయి, భూకంపం సరస్సు మొత్తాన్ని ఒకేసారి పట్టుకుంటుంది. దాని కిందా పైనా పొరలు నిలకడగా ఉన్నాయా? అడుగు వాలుగా ఉండి, మట్టి తన బరువుకు తానే జారిందా? మడతలన్నీ ఒకే దిక్కుకు వాలి ఉంటే ముందు ఆ అనుమానమే పడాలి. తుపాను అలల దెబ్బా, వరద ఒక్కరాత్రిలో తెచ్చి పడేసిన ఇసుక బరువా, చలి ప్రాంతమైతే గడ్డకట్టి కరిగిన మంచు పనా? ఇలాంటి పొరలు ఒక్కసారే కాక మళ్ళీ మళ్ళీ వేర్వేరు మట్టాల్లో వస్తున్నాయా? దగ్గరలో చురుకైన భ్రంశం ఉందా? ద్రవీకరణం జరగాలంటే సాధారణంగా 5 తీవ్రతకు మించిన అదురు, అదీ చేరువలో రావాలి కనుక, ఆ ప్రాంతానికి అంత శక్తి ఉందా? ఇన్ని అడ్డుప్రశ్నలకు నిలబడిన తరువాతే భూకంపం అనే మాట వాడాలి. ఈ విషయంలో నేను కొంచెం చాదస్తుణ్ణని నా విద్యార్థులే అంటారు. పత్రికల్లో వచ్చే ప్రతి వంకర గీతనూ సైస్మైట్ అనేవారి కంటే చాదస్తమే నయమని నా అభిప్రాయం.

మన దేశంలో ఈ అధ్యయనానికి అనువైన చోట్లు హిమాలయాల్లో ఉన్నాయి. స్పితి లోయ దిగువన సుమ్దో చుట్టూ కొండచరియలు అడ్డుపడి ఏర్పడిన పాత సరస్సుల మట్టిలో చెదిరిన పొరలు ఒకటి కంటే ఎక్కువ మట్టాల్లో ఉన్నాయి. 1975 జనవరి 19న ఆ పరిసరాలనే కిన్నౌర్ భూకంపం కుదిపింది. కాశ్మీరులో కుంకుమపువ్వు పండే కరేవా మెట్టలు కూడా ఒకప్పటి సరస్సు అడుగే. మన దక్షిణాదిలో కదలిక తక్కువ, కానీ లేకపోలేదు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 1993లో లాతూరు, మొన్న 2024 డిసెంబరు 4న ములుగు. ఇలాంటి చోట పెద్ద భూకంపాల మధ్య విరామం వేల ఏళ్ళు ఉండవచ్చు. మనకున్న యంత్రాల రికార్డు ఒక శతాబ్దం పాటిది, రాతపత్రాలు ఇంకొన్ని శతాబ్దాలు. ఆ విరామాన్ని కొలవాలంటే మట్టినే అడగాలి. చిక్కు ఏమిటంటే, మన గొలుసుకట్టు చెరువులు మనుషులు కట్టినవి, వాటి వయసు కొన్ని వందల ఏళ్ళు. పైగా వేసవిలో ఎండుతాయి, బీటలు వారతాయి, పూడిక తీస్తాము.

ఇంతకుముందే ముందు వరుసలోని ఒక అమ్మాయి చీటీ పంపింది. అయితే మన జిల్లాలో చూడవలసినది ఏమీ లేదా అని అడిగింది. ఉందమ్మా. చెరువుల కంటే ముందు ఏటి ఒడ్డుల దగ్గరికి వెళ్ళండి. వరదకు గట్టు కోసుకుపోయి, పాత ఇసుక, బంకమట్టి పొరలు నిలువుగా బయటపడిన చోట ఆగండి. కత్తితో గానీ తాపీతో గానీ ఆ గోడను పలచగా గీకి శుభ్రం చేయండి, లేకపోతే జారిన మట్టి అసలు పొరలను కప్పి మోసం చేస్తుంది. ఇసుక నిలువుగా పైకి చొచ్చుకుపోయిన గీత ఏదైనా ఉంటే అది ఏ పొర నుంచి బయలుదేరిందో, ఏ పొర దగ్గర ఆగిందో చూడండి. చెట్టు వేరు కుళ్ళిపోయిన బొక్కలో పైనుంచి ఇసుక జారినా పైపైకి అలాగే కనబడుతుంది, కానీ అది కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. పక్కన ఒక స్కేలు గానీ రూపాయి బిళ్ళ గానీ పెట్టి ఫోటో తీయండి, దిక్కు రాసుకోండి. ఆ పైన గట్టు మీద ఎవరైనా పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే, పరికరాలు సంచీలో పెట్టేలోపు వారిని ఒక మాట అడగండి.